పుట్టిన బిడ్డకి బాక్టీరియా పొడి పట్టించొచ్చా? ఒడిశా పల్లెల్లో జరిగిన ఆ ట్రయల్ గురించి తెలిసినోళ్ళు చెప్పండి

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. మా చెల్లి పురిటికి పుట్టింటికొచ్చింది, నెలలు నిండుతున్నాయి. మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బావ ఒక మెసేజ్ పెట్టాడు, ఒడిశా పల్లెల్లో కొన్నివేల మంది పుట్టిన పిల్లలకి ఏదో మంచి బాక్టీరియా పొడి వారం రోజులు పట్టించారంట, దాంతో రక్తంలో ఇన్ఫెక్షన్ చాలా తగ్గిపోయిందంట. అది చూసిన దగ్గర్నుంచి ఇంట్లో ఇదే చర్చ. మెడికల్ షాపులో ప్రోబయోటిక్ సాచెట్లు దొరుకుతున్నాయి కదా, బిడ్డ పుట్టగానే అవే పట్టించేద్దాం అని బావ, పత్తా లేని పొడులెందుకు, తేనె నాకిస్తే చాలు అని అమ్మమ్మ. చెల్లి మాత్రం ఏం మాట్లాడట్లేదు, భయపడుతోంది.

నేనెందుకు ఇంత పట్టించుకుంటున్నానంటే, మా వీధిలో ఒక చంటిపిల్ల పుట్టిన కొద్దిరోజులకే పాలు తాగడం మానేసి ఒళ్ళు చల్లబడిపోయి, బరంపురం తీసుకెళ్ళే దారిలోనే పోయింది. సెప్సిస్ అన్నారు, అంటే రక్తంలో ఇన్ఫెక్షనే. అప్పటికి ముందురోజు దాకా బాగానే ఉంది ఆ పిల్ల. అందుకని నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉంటే వదులుకోకూడదని ఉంది, తెలీక ఏదో పట్టించి ప్రాణం మీదకి తెచ్చుకోకూడదనీ ఉంది.

నా డౌట్లు ఇవి. ఆ ట్రయల్ నిజమేనా, ఎవరు చేశారు? పేగులో వేసిన బాక్టీరియా రక్తంలో ఇన్ఫెక్షన్‌ని ఎలా ఆపుతుంది? షాపులో దొరికేదీ అదే పొడా? దయచేసి తెలిసినోళ్ళు వివరంగా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.


ల్యాబ్_బరంపురం

అన్నా, ట్రయల్ నిజమే, చిన్నాచితకా పత్రికలో కాదు, 2017 ఆగస్టులో నేచర్‌లో వచ్చింది. చేసింది డాక్టర్ పినాకి పాణిగ్రాహి గారి బృందం, ఆయన అప్పుడు అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో ఉన్నారు, పని మాత్రం ఇక్కడే, ఒడిశాలో 149 ఊళ్ళలో జరిగింది. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఆ పేపర్ మా దగ్గర అందరం కూర్చుని చదువుకున్నాం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొత్తం 4,556 మంది పిల్లలు. సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాలో ఒక ప్రత్యేకమైన స్ట్రెయిన్ (అంటే ఒకే జాతిలో ఒక ఉపరకం), దాంతో పాటు ఆ బాక్టీరియాకి తిండిగా ఫ్రక్టో ఒలిగోశాకరైడ్ అనే చక్కెర కలిపి ఇచ్చారు, ఈ రెండూ కలిపిన దాన్నే సిన్‌బయోటిక్ అంటారు. మిగతా సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త పొడి. పుట్టిన రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మొదలుపెట్టి ఏడు రోజులు మాత్రమే పట్టించారు, ఆ తర్వాత బిడ్డకి 60 రోజులు నిండేదాకా ఇంటింటికీ వెళ్ళి చూశారు. ఉత్త పొడి తాగినోళ్ళలో సెప్సిస్ గానీ మరణం గానీ 9 శాతం మందికి వచ్చింది, సిన్‌బయోటిక్ తాగినోళ్ళలో 5.4 శాతం. అంటే 40 శాతం తగ్గింది. ఇంకోలా చెప్పాలంటే 27 మంది పిల్లలకి ఇస్తే ఒక పిల్లకి ఆ గండం తప్పింది. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి అనుకున్నంత మందిని చేర్చకుండానే ట్రయల్ మధ్యలో ఆపేశారు. ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకోటి ఉంది, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. పేగులో వేసిన దానికి ఊపిరితిత్తులతో ఏం సంబంధం అనిపిస్తుంది గానీ, ఒంట్లో రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగు చుట్టూనే ఉంటాయి, అవి పని నేర్చుకునేది అక్కడి బాక్టీరియా దగ్గరే.

ఇప్పుడు ఎలా ఆపుతుంది అన్నదానికొద్దాం. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ పేగు దాదాపు ఖాళీ. పుట్టిన గంటల నుంచే తల్లి ఒంటి నుంచి, చేతుల నుంచి, ఆసుపత్రి మంచాల నుంచి బాక్టీరియా చేరడం మొదలవుతుంది. ఖాళీ బస్సులో ముందెక్కినోడిదే సీటు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి జబ్బు తెచ్చే బాక్టీరియా ముందు చేరి పేగు గోడకి అతుక్కుంటే, ఆ గోడ ఇంకా లేతగా ఉంటుంది కాబట్టి దాన్ని దాటి రక్తంలోకి పోతాయి. సెప్సిస్ అన్నిసార్లూ ఇలాగే రాదు, బొడ్డు నుంచి కూడా రావచ్చు, చర్మం నుంచి రావచ్చు, కానీ పేగు ఒక పెద్ద దారి. ప్లాంటారమ్ లాంటిది ముందే చోటు పట్టుకుంటే అక్కడ ఆమ్లం పెరుగుతుంది, చెడ్డవాటికి అతుక్కునే జాగా తగ్గుతుంది, గోడ కణాల మధ్య అతుకులు బిగుసుకుంటాయి.

పాణిగ్రాహి గారు ఈ ఆలోచనకి ఒక్కరోజులో రాలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో పేగు కుళ్ళిపోయే ఎన్‌ఈసీ అనే భయంకరమైన జబ్బు ఉంది, 1990ల్లో ఆయన మేరీలాండ్‌లో దాని మీద పనిచేశారు, పేగు గోడకి ఏ బాక్టీరియా ఎలా అతుక్కుంటుందో దాన్ని బట్టే నష్టం ఉంటుందని కణాల్లోనూ కుందేలు పిల్లల్లోనూ చూశారు. ఆ తర్వాత ఏ స్ట్రెయిన్ అయితే పిల్లల పేగులో నిలబడుతుందా అని ఏళ్ళ తరబడి ఎన్నో రకాల్ని వడపోశారు, ఎందుకంటే చాలా ప్రోబయోటిక్‌లు తాగినన్నాళ్ళే ఉండి ఆపగానే మలంలో కొట్టుకుపోతాయి. ఇది మాత్రం వారం రోజులు ఇస్తే నెలల తరబడి నిలిచిందని 2008లోనే ఒడిశా పిల్లల్లోనే చూపించారు.

షాపులో సాచెట్ సంగతి విడిగా రాస్తాను, డ్యూటీకి టైమైంది.


గుణుపురం_మాస్టారు

బాబూ, అమ్మాయి రాసింది బాగుంది గానీ నాదొక మాట. మేవు గుణుపురంలో వంశధార నీళ్ళు తాగి పెరిగినోళ్ళం. మా ఇళ్ళలో తరవాణి, ఒడియా వాళ్ళింట్లో పఖాళ, పులిసిన గంజినీళ్ళు తాగి ఎండాకాలం అంతా పొలం పనులు చేసేవోళ్ళు. దాన్లోనూ ఇవే బాక్టీరియాలు ఉంటాయి కదా. మరి బాలింత తరవాణి తాగితే పాలద్వారా బిడ్డకి చేరదా ఏటి? లేదంటే వేలితో కాస్త పెరుగు నాకిస్తే పోలేదా. ఇన్ని వేల రూపాయల పరిశోధన మన వంటింట్లో ఉన్నదాన్నే మళ్ళీ చెప్తున్నట్టుంది. కోపగించుకోకండి, తెలుసుకుందామనే అడుగుతున్నాను.


ల్యాబ్_బరంపురం

మాస్టారూ, కోపం ఎందుకండీ, మీరడిగింది సరైన ప్రశ్నే. పులిసిన అన్నంలో, ఊరగాయల్లో లాక్టోబాసిల్లస్ జాతులు ఉంటాయి, ప్లాంటారమ్ కూడా దొరుకుతుంది. కానీ జాతి ఒకటే అయినంత మాత్రాన గుణం ఒకటి కాదు. ఈ.కోలైనే చూడండి, మనందరి పేగుల్లో హాయిగా బతికే ఈ.కోలై ఉంది, మనిషిని ఐసీయూలో పడేసే ఈ.కోలై కూడా ఉంది, రెండిటికీ పేరు ఒకటే. స్ట్రెయిన్ మారితే మొత్తం కథ మారిపోతుంది. తరవాణిలో ఏ స్ట్రెయిన్ ఉందో, దాంతో పాటు ఇంకేమున్నాయో ఎవరికీ తెలీదు, పెద్దాళ్ళ పేగు దాన్ని తట్టుకుంటుంది, రెండ్రోజుల బిడ్డ తట్టుకోలేదు. బాలింత శుభ్రంగా చేసుకున్న తరవాణి తాగితే తప్పేం లేదు, బిడ్డ నోట్లో మాత్రం పెరుగు గానీ గంజి గానీ పెట్టకండి, దయచేసి.

తేనె అసలే వద్దు. ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో బోటులిజం తెచ్చే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు, మన పేగులో అవి మొలకెత్తలేవు, చంటిబిడ్డ పేగులో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, నరాలు పడిపోతాయి. ఎందుకు మొలకెత్తుతాయంటే ఇందాక చెప్పిందే, అక్కడ ఇంకా వేరే బాక్టీరియా స్థిరపడలేదు కాబట్టి.

ఇప్పుడు సాచెట్ సంగతి. అన్నా, షాపులో దొరికే ప్యాకెట్ మీద లాక్టోబాసిల్లస్ అని ఉన్నా అది ట్రయల్‌లో వాడిన స్ట్రెయిన్ అని అనుకోకండి. చాలా వాటిలో బాసిల్లస్ బీజాలో, ఈస్టో, ఇంకేవో ఉంటాయి, విరేచనాలకి డాక్టర్లు రాసేవి అవి. పుట్టిన బిడ్డలో సెప్సిస్ ఆపుతాయని వాటికి రుజువు లేదు. ఇంకో విషయం కూడా చూడాలి, ఒడిశా ట్రయల్‌లో చేర్చుకున్నది కనీసం రెండు కిలోల బరువు, 35 వారాలు నిండి, ఏ జబ్బు లక్షణమూ లేకుండా తల్లిపాలు తాగుతున్న పిల్లల్ని మాత్రమే. బక్కపిల్లలకి, నెలలు నిండని వాళ్ళకి ఆ ఫలితం వర్తించదు. 2023లో అమెరికాలో నెలలు నిండని ఒక బిడ్డకి ఆసుపత్రిలోనే ప్రోబయోటిక్ ఇస్తే, అదే బాక్టీరియా రక్తంలోకి పోయి బిడ్డ చనిపోయింది, అప్పుడు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లందరికీ హెచ్చరిక పంపింది. మంచి బాక్టీరియా కూడా ఉండాల్సిన చోటు దాటితే ఇన్ఫెక్షనే. కాబట్టి పిల్లల డాక్టరు చూసి రాస్తే తప్ప సాచెట్ వద్దు, నా మాట ఇది, గట్టిగానే చెప్తున్నాను. మీ బావకి ఇదే చూపించండి.

మరి ఏం చెయ్యాలంటే, గంటలోపల ముర్రుపాలు. ఇది అందరూ చెప్పే మాటలా అనిపిస్తుంది గానీ ఈ ట్రయల్ చదివాక నాకు దాని విలువ ఇంకా బాగా తెలిసింది. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు చాలా ఉంటాయి, హ్యూమన్ మిల్క్ ఒలిగోశాకరైడ్లు అంటారు. బిడ్డకి అరగనివి పాలలో ఎందుకున్నాయి అని చాలాకాలం బుర్రలు బద్దలుకొట్టుకున్నారు, తీరా చూస్తే అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులోని బిఫిడోబాక్టీరియా అనే మంచి బాక్టీరియా కోసం. అంటే బాక్టీరియాకి తిండి కలిపి ఇవ్వడం అనే ఆలోచన పాణిగ్రాహి గారి పొడిలో ఉన్నట్టే తల్లిపాలలోనూ ఉంది. మధ్యలో పంచదార నీళ్ళు, ఆవుపాలు, ఆముదం పట్టిస్తే ఆ వరస చెడిపోతుంది.


కాశీపూర్_దారి (రాయగడ)

నేను రాయగడలో ఉంటాను, పని మీద కాశీపూర్ బ్లాకు వైపు తిరుగుతుంటాను. అక్కడ 2007లో కలరా వచ్చింది, మళ్ళీ 2022 జూలైలో వచ్చింది. వానలు పడగానే ఊటగుంటల్లోకి మట్టినీళ్ళు దిగుతాయి, అవే తాగుతారు, తర్వాత ఒక ఇంట్లో మొదలై ఊరంతా పాకుతుంది. అందుకే ఈ పేగు జబ్బుల పరిశోధన అంటే నాకు చాలా ఆసక్తి, ఇక్కడ ఇంకో శాస్త్రవేత్త పేరు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. శంభునాథ్ దే. కలకత్తా ఆయన.

కలరా బాక్టీరియాని 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ కలకత్తాలో కూడా పట్టుకున్నాడు గానీ, అది మనిషిని ఎలగ చంపుతుందో ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకి పైగా ఎవరికీ సరిగ్గా తెలీదు. బాక్టీరియా రక్తంలోకి పోతుందనీ, పేగు గోడని చీల్చేస్తుందనీ రకరకాలుగా అనుకునేవోళ్ళు. దే గారు కుందేలు పేగులో ఒక ముక్కని రెండు వైపులా దారంతో కట్టేసి లోపల కలరా బాక్టీరియా పెట్టారు, తెల్లారేసరికి ఆ ముక్క నీళ్ళతో ఉబ్బిపోయింది. తర్వాత బాక్టీరియాని పూర్తిగా వడగట్టేసి ఒట్టి రసం పెట్టినా అలాగే ఉబ్బింది. 1959లో నేచర్‌లో రాశారు. అంటే చంపేది బాక్టీరియా వదిలే విషం, అది పేగు గోడని పగలగొట్టదు, గోడలోంచి నీళ్ళూ ఉప్పూ బయటకి తోడేస్తుంది.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, గోడ పాడవకుండా ఉంది కాబట్టే దాని గుండా మళ్ళీ నీళ్ళు లోపలికి ఎక్కించొచ్చు. గ్లూకోజు, ఉప్పు రెండూ సరైన పాళ్ళలో ఉంటే కలరా నడుస్తున్నప్పుడు కూడా పేగు పీల్చుకుంటుంది, నీళ్ళు వాటి వెంట వెళ్తాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేది అలగే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బన్‌గావ్ శరణార్థుల క్యాంపులో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబిస్ గారు డ్రమ్ముల్లో ఓఆర్‌ఎస్ కలిపి ఇంట్లో వాళ్ళచేతే పట్టించమన్నారు, అప్పటిదాకా వందకి ముప్పై మంది పోయేవోళ్ళు, అది నాలుగు లోపలికి దిగింది. ఆయనకి పద్మవిభూషణ్ 2023లో వచ్చింది, అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. దే గారికైతే అదీ లేదు. లెడర్‌బర్గ్ లాంటి నోబెల్ గ్రహీత ఆయన్ని నోబెల్‌కి సిఫారసు చేశాడు, అయినా రాలేదు, 1985లో పోయారు. మన స్కూలు పుస్తకాల్లో ఆయన గురించి ఒక్క పేజీ కూడా ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ బాధే. మా వైపు ఊళ్ళలో ప్రతి వానాకాలం ఆయన కనిపెట్టిన దాని మీద ప్రాణాలు నిలబడుతున్నాయి.

పర్లాకిమిడి అన్నా, రోటావైరస్ చుక్కలు మాత్రం మర్చిపోకండి. 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్ర రెండూ ఉన్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి, సర్కారు టీకాల రోజున ఉచితంగానే వేస్తారు.


మహేంద్రతనయ_ఒడ్డు

అందరికీ చేతులెత్తి దండం. బావకి, అమ్మమ్మకి ఇద్దరికీ చదివి వినిపించాను, సాచెట్ మాట ఆగింది, తేనె సీసా కూడా అటకెక్కింది. ఇంకొక్కటి అడుగుతాను. చెల్లికి పెద్దోడు ఉన్నాడు, ఏడాదిన్నర వాడు, మాటిమాటికీ విరేచనాలు, బరువు పెరగట్లేదు. అంగన్‌వాడీలో ఛతువా అని పోషకాహార పిండి ఇస్తున్నారు, వాడు సరిగ్గా తినడు, మేమూ పట్టించుకోలేదు. వీడికి ఈ పేగు బాక్టీరియా పరిశోధనలో ఏమైనా ఉందా?


ల్యాబ్_బరంపురం

ఉంది అన్నా, అదీ మన పక్కనే, ఢాకాలో. అమెరికాలో జెఫ్రీ గోర్డన్ గారు, ఢాకాలో తహ్మీద్ అహ్మద్ గారి బృందం కలిసి చాలా ఏళ్ళు పనిచేశారు. బరువు పెరగని పిల్లల మలం పరీక్ష చేస్తే, వాళ్ళ పేగులోని బాక్టీరియా వాళ్ళ వయసుకి తగినట్టు ఎదగకుండా ఇంకా చిన్నపిల్లల్లో ఉన్నట్టే ఉండిపోయిందని 2014లో చూపించారు. మామూలు తిండి ఎక్కువ పెట్టినా కొన్నాళ్ళు బాగుపడి మళ్ళీ వెనక్కి పోతుంది. అందుకని ఆ వెనకబడిన బాక్టీరియాని పెంచే తిండి ఏదో వెతికారు. దొరికినవి శనగలు, వేరుశనగ, సోయా పిండి, పచ్చి అరటికాయ. మూడు నెలలు పెట్టి చూస్తే, అంతకంటే ఎక్కువ క్యాలరీలు ఉన్న మామూలు పోషకాహార పేస్టు కన్నా ఈ మిశ్రమం తిన్న పిల్లలే బరువు బాగా పెరిగారు, 2021లో ప్రచురించారు. చిన్న ట్రయల్, దాదాపు నూటఇరవై మంది పిల్లలు, కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడకూడదు. కానీ మీ ఛతువాలో గోధుమతో పాటు శనగలు, వేరుశనగ ఉంటాయి కదా. దాన్ని పక్కన పడేయకండి. మెత్తగా జావ చేసి, ఉడికించి మెదిపిన అరటికాయ కాస్త కలిపి పెట్టి చూడండి. మందులా అని కాదు, వాడి వయసుకి మంచి తిండి అది. బరువు మాత్రం అంగన్‌వాడీలో నెలనెలా తూయించండి, తగ్గుతుంటే ఆసుపత్రిలో పోషకాహార పునరావాస కేంద్రం గురించి అడగండి.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి, సగం ప్యాకెట్ అర లీటరు అని కొలతలు వద్దు. జింకు 14 రోజులు, విరేచనాలు ఆగినా ఆపొద్దు. నీళ్ళవిరేచనాలకి ఊరికే యాంటీబయోటిక్ కొని వేయకండి, ఇన్నాళ్ళూ కష్టపడి పెరిగిన మంచి బాక్టీరియా కూడా దాంతో పోతుంది. రక్తం పడితే, కళ్ళు లోపలికి పోతే, వాంతులతో ఏదీ నిలవకపోతే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి.


ఆశా_అక్క (గారబంధ వైపు)

నేను ఆశా పని చేస్తాను, ఒడియా, తెలుగు, సవర ఇళ్ళన్నీ తిరుగుతాను. పైన మీరంతా రాసిన పేపర్లు నాకు అంతగా అర్థం కాలేదు గానీ నా పని వరకు చెప్తాను తమ్ముడూ. ఆసుపత్రిలో పురుడైతే మేం ఇంటికొచ్చి బిడ్డని చూడాల్సింది 3, 7, 14, 21, 28, 42 రోజులకి. ఎవరూ రాకపోతే మొహమాటపడకుండా మీరే ఫోన్ చేసి పిలవండి, బరువు తూయమనండి, ఒళ్ళు వేడిగా ఉందో చల్లగా ఉందో చూడమనండి. బొడ్డు మీద పసుపు, నూనె, బూడిద ఏదీ పెట్టొద్దు, పొడిగా వదిలెయ్యండి. బిడ్డని ఎత్తుకునే ప్రతివాళ్ళూ, మీ అమ్మమ్మతో సహా, సబ్బుతో చేతులు కడగాలి.

ఇంక ముఖ్యంగా, పాలు సరిగ్గా లాగకపోయినా, ఏడుపు నీరసపడినా, ఒళ్ళు చల్లబడినా కాలినా, ఊపిరి ఎగబీల్చినా, ఛాతీ లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా, రేపు పొద్దున చూద్దాం అనుకోవద్దు. రాత్రి ఎంతైనా 108కి ఫోన్ చెయ్యండి. దారిలో బిడ్డని తల్లి గుండెకి ఆనించి గుడ్డ కప్పి తీసుకెళ్ళండి, తాగగలిగితే పాలిస్తూనే ఉండమనండి. పురుడయ్యాక ఇక్కడ ఒక మాట రాయండి, ఏ వార్డో చెప్తే అక్కడి మా దీదీకి నేను ఫోన్ చేసి చెప్తాను.